సువెమ్ హాల్టులో ఆగిన బాయిలర్

మూసేసిన పాత గనిలో ఇంకా పనికొచ్చే వస్తువు ఆ బాయిలర్ ఒక్కటేనని గనుల ఇంజనీరు పెన్‌గెల్లీ దొర చెప్పగానే, దాన్ని కొత్త గనికి రైలెక్కించే పని తన నెత్తినే పడుతుందని బెంట్సిల్‌కు అర్థమైపోయింది. సెకొండి రేవులో పడవల్లోంచి దిగిన బరువుల్లో బెంట్సిల్ చెయ్యి పడకుండా గనులకు చేరినవి బహు తక్కువ. పంపులు, రాయి దంచే ఇనుప రోకళ్ళు, మనిషిని మించిన ఎత్తున్న చక్రాలు, అన్నిటినీ జాకీలతో లేపి, దుంగల మీద దొర్లించి, వ్యాగన్ల మీద కూర్చోబెట్టి వాసా అడవుల్లోకి పంపినవాడు ఆయన. రైలు రాకముందు ఇదే ఇనుము ముక్కలు ముక్కలుగా మనుషుల తలల మీద వెళ్ళేది. అప్పట్లో కూలీగా మోసినవాడే ఇప్పుడు మేస్త్రి. బరువు సంగతి ఆయనకు కళ్ళకంటే ముందు భుజాలకు తెలిసేది.

ఆ గని మూతపడి మూడు వానాకాలాలు దాటింది. పచ్చజ్వరం పడి దొరలు వారం తిరక్కుండానే పెట్టెలు సర్దుకున్నారు. కూలీలు ఎవరి దారిన వాళ్ళు చెదిరిపోయారు. ఆ తర్వాత అడవి తన పని తాను చేసుకుంది. బెంట్సిల్ మనుషులు తీగలు నరుక్కుంటూ పోతే, ఆకుల అడుగున బాయిలర్ కనిపించింది. ఇంటంత పొడుగు ఇనుప పీపాను పడుకోబెట్టినట్టు ఉంది. పైభాగాన మనిషి దూరేంత కంత, దాని మీద ఇనుప మూత, మూత చుట్టూ తుప్పుకి బిగుసుకుపోయిన నట్లు.

జాకీలు పెట్టి లేపుతుంటే ముందు కొస ఇట్టే లేచింది. వెనక కొస మాత్రం నేలని పట్టుకుని వదల్లేదు.

"దీని కడుపులో ఇంకో పిల్ల బాయిలరుందేమో మేస్త్రీ," అన్నాడు బాయిడూ. ముఠాలో అందరికంటే ఒళ్ళూ పెద్దది, నోరూ పెద్దది అతనికే. అందరూ నవ్వారు.

పెన్‌గెల్లీ దొర సుత్తితో కొట్టి చూశాడు. ముందువైపు గుడి గంటలా మోగింది. వెనకవైపు మట్టి మీద కొట్టినట్టు 'దబ్'మంది. "తుక్కు పేరుకుపోయి ఉంటుంది. కొత్త గని దగ్గర తెరిచి కడిగిద్దాం. ఇక్కడ ఈ నట్లతో కూర్చుంటే వానలు పట్టుకుంటాయి," అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. బెంట్సిల్ సరేనన్నాడు.

అదనంగా రెండు జాకీలు తెప్పించి, సాయంత్రానికి స్లీపర్ల వాలు మీదుగా దాన్ని వ్యాగన్ మీదికి లాగారు. గొలుసులు రెండు వైపులా సమానంగానే బిగించారు. తెల్లారి చూస్తే బాయిలర్ బెత్తెడు కుడివైపుకి తిరిగి ఉంది. గొలుసులు తెగలేదు, చెక్కలు జారలేదు. పడుకున్న మనిషి నిద్రలో ఒత్తిగిల్లినట్టుంది. బెంట్సిల్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, గొలుసులు మళ్ళీ బిగించమన్నాడు.

బయల్దేరిన దగ్గర్నుంచీ ఇంజను రొప్పుతూనే ఉంది. డ్రైవరు న్యామెకే కిందికి వంగి, "మేస్త్రీ, నువ్వు కట్టింది బాయిలరా, కొండా?" అని అరిచాడు. బెంట్సిల్ వ్యాగన్ అంచున కూర్చుని ఉన్నాడు. మలుపుల్లో బరువు బయటివైపుకి తూగాలి. ఇది అలా తూగడం లేదు. లైను ఎటు తిరిగినా బాయిలర్ ఒకే దిక్కుకి ఒరుగుతోంది. ఆ దిక్కు, ముందు రాబోయే సువెమ్ హాల్టు వైపు. గొలుసు మీద చెయ్యి వేస్తే, ఆ లాగుడు ఆయన అరచేతిలోంచి భుజానికి పాకింది. భుజం దాన్ని గుర్తుపట్టింది.

పాతికేళ్ళ వయసులో, సముద్రపు ఒడ్డున తన ఊళ్ళో, బెంట్సిల్ శవాలు మోసేవాడు. ఎవరైనా అర్ధాయుష్షుతో పోతే, చంపిందెవరో శవమే చెబుతుందని పాడె ఎత్తి వీధుల్లో తిప్పేవాళ్ళు. పాడె ఏ గుమ్మం దగ్గరికి లాక్కుపోయి ఆగితే ఆ ఇంటివాళ్ళ మీద నేరం పడేది. మంత్రగత్తె సొంత రక్తాన్నే తింటుందని అందరి నమ్మకం. పడవ తిరగబడి చనిపోయిన ఒక జాలరి కుర్రాణ్ణి మోసిన రోజున, పాడె బెంట్సిల్‌ని కన్నతల్లి గుమ్మానికే లాక్కుపోయింది. ఆ కుర్రాణ్ణి చిన్నప్పట్నుంచీ సొంత బిడ్డలా పెంచింది ఆవిడే. ముందున్నవాళ్ళు లాగలేదు, వెనకున్నవాళ్ళు నెట్టలేదు. లాగింది శవమే. ఆ రాత్రికి రాత్రే ఆవిణ్ణి ఊరు వెళ్ళగొట్టారు. బెంట్సిల్ ఆవిడ వెంటే వచ్చేశాడు. దొరతనం వారు ఆ ఆచారాన్ని నిషేధించి ఎన్నో ఏళ్ళయింది గానీ, ఆ లాగుడు ఎలా ఉంటుందో ఆయన భుజం మర్చిపోలేదు.

సువెమ్‌లో స్టేషనంటూ లేదు. ఇంజనుకి నీళ్ళు పట్టే తొట్టి, దాని వెనక చెడిన బండ్లను నిలిపే చిన్న పక్క లైను, ఆ లైను చివర అడ్డంగా పాతిన రెండు స్లీపర్లు. వాటికి అవతలే తిండి అమ్మే మాన్సా పొయ్యి. పులిసిన మొక్కజొన్న పిండిని అరటాకుల్లో చుట్టి ఉడికించిన కెంకీ, వేయించిన చేప, నూరిన మిరపకాయ. ఆ దారిన పోయే రైళ్ళలో ఆవిడ చేతి వంట తినని కూలీ లేడు.

"ఏం మరదలా, ఇవాళైనా చేప తల నాకేనా?" అన్నాడు న్యామెకే ఇంజన్లోంచే.

"తల నీకిస్తే నీకు రెండవుతాయి. ఉన్నదే సరిగ్గా పని చెయ్యట్లేదు," అంది మాన్సా, మూకుడు మీంచి కళ్ళెత్తకుండా.

నీళ్ళు పట్టాక ఇంజను కూత వేసింది. చక్రాలు పట్టాల మీద గిర్రున తిరిగాయి గానీ బండి కదల్లేదు. ఇసక పోశారు. అయినా కదల్లేదు. బాయిలర్ వ్యాగన్ కొక్కెం విప్పితే, మిగతా బండ్లు చులాగ్గా ముందుకెళ్ళాయి. ఒంటరిగా మిగిలిన ఆ ఒక్క వ్యాగన్ మాత్రం పాతేసినట్టు నిలబడింది. వెంట వచ్చిన దొర దాని కింద పడుకుని చూశాడు. బ్రేకులు పట్టుకోలేదు. ఇరుసులు చల్లగానే ఉన్నాయి.

"పక్క లైన్లోకి నెట్టండి. విప్పి చూద్దాం," అన్నాడు.

అటు నెడితే పిలిచినట్టే వెళ్ళింది. ఇంజను దాన్ని పక్క లైను మొదట్లో వదిలి వెనక్కి జరిగింది. చక్రాల కింద అడ్డుచెక్కలు పెట్టారు. బాయిడూ ఇరుసు పెట్టె మూత తీస్తున్నాడు. చెట్లలో ఆకు కదలడం లేదు. అంతవరకూ గోల పెడుతున్న పిట్టలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. పటుక్కుమని చప్పుడైంది. అడ్డుచెక్క చక్రం కింద నలిగి పొట్టయింది. బాయిడూ వెనక్కి దూకాడు. వ్యాగన్ తనంతట తాను, నడిచే మనిషి వేగంతో, లైను చివరిదాకా దొర్లి, అడ్డు స్లీపర్లకు మెత్తగా ఆనుకుని ఆగింది. దాని ముందు కొస మాన్సా పొయ్యి మీదికి నీడ వేసింది.

దొర సంచిలోంచి వాలు చూసే రసమట్టం తీసి పట్టా మీద పెట్టాడు. అందరూ వంగి చూశారు. నేల చదునుగా లేదు నిజమే. కానీ వాలు రెండోవైపుకి ఉంది. వ్యాగన్ ఎగువకి దొర్లింది.

దొర ఇంజనుతో దాన్ని వెనక్కి లాగించాడు. ఇంజను ఏడుస్తూ లాగింది. కొక్కెం విప్పగానే వ్యాగన్ మళ్ళీ అంతే నెమ్మదిగా వెళ్ళి మాన్సా ముందు ఆగింది. ఇంకోసారి లాగారు. ఇంకోసారి వెళ్ళింది. ఆ తర్వాత లాగమని దొర చెప్పలేదు.

ముఠాలో చాలామంది తీరం నుంచి వచ్చినవాళ్ళే. ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"అది మోయించుకుంటోంది," అన్నాడు బాయిడూ గొంతు తగ్గించి. "లోపల మనిషున్నాడు."

"ఏ మనిషి?"

"ఈ మాన్సా తమ్ముడు ఎబో ఆ గనిలోనే చేసేవాడు. గని మూసేటప్పుడు ఎటో పారిపోయాడన్నారు. మళ్ళీ ఎవరికీ కనపడలేదు." బాయిడూ మాన్సా వైపు చూశాడు. "ఎందుకు కనపడలేదో ఇప్పుడు తెలుస్తోంది. చంపిందెవరో చూపిస్తున్నాడు."

చేతుల్లో గునపాలున్న మనుషులు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పొయ్యి చుట్టూ చేరారు. మాన్సా లేచి నిలబడింది. ఆవిడ వాళ్ళను చూడటం లేదు. తన ముందు గోడలా నిలబడ్డ ఇనుమునే చూస్తోంది.

"లోపల ఎవరున్నారు?" అంది.

గునపాలు ఇంకో అడుగు దగ్గరికి జరిగాయి.

"అడుగుతుంటే చెప్పరేం. ఎవరున్నారు లోపల?"

బెంట్సిల్ గునపాల మధ్యలోంచి నడిచి వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు. "తెలీదమ్మా. చూస్తే తెలుస్తుంది," అని, దొర వైపు తిరిగి మూత తెరవాలన్నాడు. దొర తల ఊపాడు.

ఉలితో నట్లు ఒక్కొక్కటీ నరకాల్సి వచ్చింది. మూత లేచేసరికి లోపల్నుంచి గాలి ఒకటి బయటికొచ్చింది. కంపు కాదు. తడి బట్ట మొహాన కప్పినట్టు చల్లగా ఉంది. ఎండకు బయట ఇనుము చెయ్యి పెడితే కాలుతోంది. లోపలికి దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. బెంట్సిల్ లాంతరు పట్టుకుని తనే దిగాడు.

పొగ గొట్టాల మధ్య ఇరుకులో మోకాళ్ళ మీద పాకాడు. తను ఊపిరి వదిలాక, ఇంకో ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. ఆయన ఆగితే అదీ ఆగింది. వెనక గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని, ఒక మనిషి ఎముకలు కూర్చుని ఉన్నాయి. నడుముకి నీలం గుడ్డ. పక్కన బాయిలర్ లోపల పేరుకున్న పెచ్చులు గీకే చిన్న సుత్తి. కుడివైపు గోడ మీద ఒకే చోట, గుప్పెడంత మేర, ఇనుము సొట్టలు పడిపోయి ఉంది. ఎంతసేపు కొడితే ఇనుము అలా అవుతుందో బెంట్సిల్‌కు తెలుసు. ఆ లెక్క వేసుకోకుండా ఉండటానికి ఆయన కళ్ళు మూసుకున్నాడు.

గని వదిలిపోయే తొందరలో ఎవరో అన్ని మూతలూ బిగించమని ఉంటారు. ఎవరో బిగించి ఉంటారు. లోపల మనిషున్నాడేమోనని అడిగినవాడు లేడు. ఆ మర్నాటికి, అడగడానికి అక్కడ మనిషే లేడు.

గుడ్డ కొంగున ఏదో ముడి ఉంది. విప్పకుండా దాన్ని పట్టుకుని బెంట్సిల్ బయటికొచ్చాడు. మాన్సా చేతిలో పెడితే ఆవిడ విప్పింది. లోపల ఏమీ మిగలని అరటాకు, ఎండి నల్లబడి, నారతో సహా మడత చెడకుండా ఉంది. కెంకీ చుట్టిన ఆకుని నారతో అడ్డంగా, నిలువుగా, మళ్ళీ మెలికవేసి కట్టే ఆ పద్ధతి ఆవిడ ఒక్కదానిదే.

"మా ఎబో," అంది. "ఎక్కడికో పోయి హాయిగా ఉన్నాడనుకున్నాను. కబురైనా చెయ్యలేదని తిట్టుకుంటున్నాను."

"చూశారా, నే చెప్పలే," అన్నాడు బాయిడూ. భయపడ్డ మనిషి గొంతు అది. "సొంత రక్తం మీదికే వచ్చాడు. ఇంతమందిలో, ఇన్ని ఊళ్ళు దాటి, దీని ముందే ఆగాడు. పక్కకి తప్పుకో మేస్త్రీ."

"తప్పుకోను."

"నీకు తెలీదు."

"నాకు తెలిసినంత నీకు తెలీదు బాయిడూ. నువ్వు పుట్టకముందే నేను పాడె మోశాను. అది నన్ను మా అమ్మ గుమ్మానికే తీసుకెళ్ళింది. ఎవరూ నెట్టలేదు, అదే లాగింది. దేవుడి మీద ఒట్టు. ఊరంతా రాళ్ళు పట్టుకుని వచ్చారు." బెంట్సిల్ గొంతు పెంచలేదు. "పరాయి ఊళ్ళో పాక వేసుకుని బతికాం మేమిద్దరం. చచ్చిపోయే ముందు మా అమ్మ ఒకటే మాటంది. 'వాడు నా మీద నేరం మోపడానికి రాలేదురా. పొద్దున్నే ఏమీ తినకుండా చేపల వేటకి పోయాడు. ఆకలేసి వచ్చాడు' అని. అన్నం పెట్టే గుమ్మం ఎటుందో చచ్చినవాడికి తెలుసు. దాన్ని చూసి నేరమన్నది మనం. వాడు కాదు."

బాయిడూ గునపం దించలేదు, ఎత్తనూ లేదు.

మాన్సా వాళ్ళ మాటలు విన్నదో లేదో తెలీదు. కుండలోంచి ఒక కెంకీ తీసి, ఆకు విప్పి, ఆవిరి పోయేదాకా ఊదింది. పళ్ళెంలో పెట్టి, పక్కన చేపా కారమూ వేసి, వ్యాగన్ ముందు నేల మీద ఉంచి, తనూ ఎదురుగా కూలబడింది.

"ఇంత ఆలస్యమా నాయనా," అంది. చిన్నవాణ్ణి గదమాయించే గొంతు. "పొద్దుపోకుండా రమ్మని చెప్పానా లేదా. కారం ఎక్కువైందంటే ఊరుకోను. తిను."

అప్పుడు బాయిలర్ లోంచి ఒక చప్పుడు వచ్చింది. పెద్దది కాదు. ఎండకి కాగిన ఇనుము నీడ పడితే సర్దుకునే చప్పుడని దొర తర్వాత అన్నాడు. అక్కడున్నవాళ్ళకు అది బరువు దించుకున్న మనిషి నిట్టూర్పులా వినపడింది. వ్యాగన్ స్ప్రింగులు వేలెడు పైకి లేచాయి. అది మాత్రం దొర కూడా చూశాడు. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని పట్టా మీద కూర్చుండిపోయాడు. "రేపు పోదాం. వాళ్ళ పని కానివ్వండి," అన్నాడు.

మాన్సా తన పైగుడ్డ ఇచ్చింది. బెంట్సిల్ మళ్ళీ లోపలికి దిగి, ఎముకలన్నీ ఏరి అందులో మూటకట్టి పైకందించాడు. చాపలో పెట్టి, రెండు వెదుళ్ళకు కట్టారు. ముందు బెంట్సిల్ పట్టాడు. వెనక పట్టడానికి ఎవరూ కదల్లేదు. ఆఖరికి బాయిడూనే గునపం పడేసి వచ్చాడు.

మాన్సా ఊరు అడవి బాటన కొంత దూరం. బాయిడూ అడుగడుక్కీ కాలు ఊని, లాగుడు కోసం ఎదురుచూస్తూ నడిచాడు. అది ఎటూ లాగలేదు.

"మేస్త్రీ," అన్నాడు చివరికి, "బరువే లేదేంటి ఇది."

"ఉంటుందా మరి. నడువు."

"వెనక ఎవరో వస్తున్నట్టుంది."

"వస్తే రానీ. తిరిగి చూడకు."

మాన్సా వాళ్ళకు ముందు నడుస్తోంది. వెనక ఎవరూ లేరు. అయినా ఎండుటాకుల మీద ఆ అడుగులు ఊరి మొదటి ఇంటిదాకా బెంట్సిల్‌కు కూడా వినపడ్డాయి. వాటిలో తొందర లేదు. ఇల్లు దగ్గరపడ్డ మనిషి నడకలా ఉన్నాయి.

పాతిపెట్టడం అయ్యాక, తాటికల్లు నేల మీద ధారగా పోశాక, మాన్సా బెంట్సిల్‌ని పక్కకు పిలిచింది.

"అన్నా, లోపలికెళ్ళి చూసినవాడివి నువ్వొక్కడివే. వాడు ఎలా ఉన్నాడు? చాలాసేపు బాధపడ్డాడంటావా?"

బెంట్సిల్ ఆ సొట్టలు పడ్డ ఇనుము గుర్తొచ్చి నేల వైపు చూశాడు. తలెత్తి, "పని మధ్యలో కునుకు తీసినట్టున్నాడమ్మా," అన్నాడు. "గోడకి ఆనుకుని, సుత్తి పక్కన పెట్టుకుని. మెలకువ వచ్చి ఉండదు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "మంచివాడివి," అని మాత్రం అంది. నమ్మిందో లేదో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. బాయిడూ ఆ రోజు ఆవిడతో ఒక్క ముక్క మాట్లాడలేదు. వెళ్ళబోయేముందు మాత్రం ఆవిడ గుమ్మం పక్కన ఒక మోపు కట్టెలు కొట్టి పేర్చిపెట్టాడు.

మర్నాడు ఇంజను కూత వేయగానే వ్యాగన్ అందరితోపాటే కదిలింది. నది దాటి, కొత్త గని చేరేదాకా అది ఇనుము తప్ప మరేమీ కాదు. దింపేటప్పుడు రెండు కొసలూ సమానంగా లేచాయి. ఇటుకలు కట్టి, గొట్టాలు బిగించి, నిప్పు రాజేసే రోజు వచ్చింది. మనుషులు లోపలంతా గీకి, కడిగి, బయటికొచ్చారు. మూత వేయబోతుంటే బెంట్సిల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి. ముందు పిలవాలి."

"ఎవర్ని మేస్త్రీ? అందరం ఇక్కడే ఉన్నాంగా," అన్నాడు కొత్త గనిలో నిప్పు వేసేవాడు.

"అందరూ ఉన్నా సరే. ఇకముందు ఈ మూత వేసే ప్రతిసారీ పిలవాలి. పిలిచి, ఆగాలి. నే పోయినా సరే."

ఆయన కంత మీదికి వంగి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడిగాడు. ఆ గొంతు గొట్టాల వెంట చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. తన గొంతే. కానీ ప్రతిధ్వని రావలసినదానికంటే కాస్త ఆలస్యంగా వచ్చింది. నిప్పు వేసేవాడు బెంట్సిల్ వైపు చూశాడు. బెంట్సిల్, ఆ ప్రతిధ్వని పూర్తిగా అణగారిపోయి, ఇనుములో ఏ చప్పుడూ మిగలకుండా పోయేదాకా అలాగే చెవి ఒగ్గి నిలబడి, అప్పుడు మూత బిగించమన్నాడు.